బల్లకు సరిపడే అర్జీ

మా వీధి కాలువ మీద నేను రాసిన మొదటి అర్జీ జిరాక్సు ఇంకా దాచుకున్నాను. రెండు పేజీలు, పద్నాలుగు సంతకాలు, మూడు వేలిముద్రలు. కాలువ పొంగుతోందని మొదలుపెట్టి, స్తంభానికి బల్బు వెలగడం లేదని, కుళాయిలో ఎర్రనీళ్లు వస్తున్నాయని, కుక్కలు పిల్లల్ని తరుముతున్నాయని, మలుపులో రోడ్డు గోతులు పడిందని, ఎదురింటి పిన్నిగారికి పింఛను ఆగిందని, ఉన్న కష్టాలన్నీ అందులో కూరాను. చివర ‘ప్రజాస్వామ్యంలో ప్రజలే ప్రభువులు’ అని ఒక ముక్క తగిలించాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో వోచర్లు చూసి రిటైరైనవాణ్ణి. కాగితం రాయడం నాకు రాదని ఎవరైనా అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

పంచాయతీ కార్యదర్శి మా అబ్బాయి వయసు కుర్రాడు. కాగితం మొత్తం ఓపిగ్గా చదివాడు. చదివి, “బాబాయ్ గారూ, ఇందులో నా పని ఏదో మీరే చెప్పండి” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి ఆ కుర్రాడి పొగరు గురించి మా ఆవిడ దగ్గర గంటసేపు చెప్పుకున్నాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విని, “మీరు సీట్లో ఉన్నప్పుడు ఎవరైనా లోను, లాకరు, చిల్లర నోట్లు, పోయిన పాసుబుక్కు అన్నీ ఒకే కాగితం మీద రాసి తెస్తే ఏం చేసేవారు?” అంది.

ఏం చేసేవాణ్ణి? పక్క కౌంటరు చూపించేవాణ్ణి. ఆ పక్కాయన ఇంకో కౌంటరు చూపించేవాడు. మధ్యాహ్నానికి ఆ మనిషి విసిగి వెళ్లిపోయేవాడు. మా అందరికీ మేం పని చేశామనే అనిపించేది.

అర్జీ ఒక మనిషి బల్లకు సరిపోవాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఊరు బాగుపడాలంటే నాయకత్వం కావాలి, చైతన్యం కావాలి అని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటితో నాకు పేచీ లేదు. కాకపోతే మా కాలువ చైతన్యంతో కదల్లేదు.

ఎవరి బల్ల?

మన ఊళ్లో ఏది పాడైనా పంచాయతీయే చూడాలని మనం అనుకుంటాం. చట్టం కూడా దాదాపు అలాగే మొదలైంది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగ్గ విషయాలంటూ 29 అంశాల జాబితా ఇచ్చింది. తాగునీరు, రోడ్లు, విద్య, ఆరోగ్యం, మార్కెట్లు అన్నీ అందులో ఉన్నాయి. జాబితా ఊరికి వచ్చింది గానీ, ఆ పనులు చేసే ఉద్యోగులు, డబ్బు చాలావరకు శాఖల దగ్గరే ఉండిపోయాయి. అందుకే సర్పంచిని నిలదీస్తే ఆయన చేతులు ఎత్తేస్తాడు. అన్నిసార్లూ అది తప్పించుకోవడం కాదు.

మా అర్జీలోని ఆరు కష్టాలను కార్యదర్శి తర్వాత ఒకరోజు తీరిగ్గా విడదీసి చెప్పాడు. బల్బు పంచాయతీది, స్తంభమూ తీగా కరెంటు కంపెనీవి. బల్బు మాడితే ఒక చోటికి, తీగ తెగితే ఇంకో చోటికి వెళ్లాలి. కుళాయి నీళ్లు ఊళ్లో ఉన్న ట్యాంకువైతే పంచాయతీ చూస్తుంది. పది ఊళ్లకు కలిపి వచ్చే పథకానివైతే గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) ఏఈ దగ్గరికి వెళ్లాలి. పిన్నిగారి పింఛను గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు బల్ల. రోడ్డు సంగతి మరీ వింత. లోపలి వీధి పంచాయతీది, ఊరిని ఊరితో కలిపేది పంచాయతీరాజ్ ఇంజనీర్లది, పెద్ద రోడ్డు రోడ్లు, భవనాల శాఖది, అదే ఆర్ అండ్ బీది. గొయ్యి ఒకటే అయినా ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి యజమాని మారతాడు. కుక్కల దగ్గరికి వచ్చేసరికి ఆయన కూడా తల గోక్కున్నాడు.

ఇక కాలువ. ఇక్కడ ఆయన నాకు చెప్పిన పని ఒకటే: “పొద్దున్నే కాలువ వెంట నడవండి. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూడండి.” నడిచాను. మా వీధి పొడుగునా కాలువ పారుతూనే ఉంది. మలుపు దాటి పెద్ద రోడ్డు కింద కల్వర్టులోకి దూరే చోట మట్టి, ప్లాస్టిక్ సంచులు, ఎవరో పారేసిన పరుపు. నీళ్లు పోయే నోరు అక్కడ మూసుకుపోయింది, ఆ నోరు ఆర్ అండ్ బీ హద్దులో ఉంది. నాలుగేళ్లుగా పంచాయతీ మనుషులు మా గుమ్మాల ముందు పూడిక తీసి గట్టున పోస్తున్నారు. వాన రాగానే అది మళ్లీ కాలువలోకే జారుతోంది. నాలుగేళ్లుగా మేం వాళ్లనే తిడుతున్నాం.

ఈ నడక ఖర్చులేని పని. ఏ ఫిర్యాదు రాసే ముందైనా ఒక పూట నడవండి. తీగ వెంట నడవండి, పైపు వెంట నడవండి. ఆఫీసులో దరఖాస్తు ఆగిపోతే ఆ దరఖాస్తు వెళ్లే దారి వెంట నడవండి. బాధ మీ గుమ్మం ముందు కనిపిస్తుంది, అడ్డు ఇంకెక్కడో ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక ఈ బల్లలు చాలావరకు ఒక కప్పు కిందికి వచ్చాయి. గ్రామాల్లో రెండు వేల జనాభాకు ఒకటన్న లెక్కన పెట్టిన ఆ ఆఫీసులో సర్వేయరు, ఇంజనీరింగ్ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు, వ్యవసాయ సహాయకులు వగైరా కూర్చుంటారు. మండల కేంద్రానికి బస్సెక్కి పోయి “సారు క్యాంపుకెళ్లారు” అనిపించుకుని రావడం తగ్గింది. ఇది చిన్న మార్పని నేననుకోను. కూలి మానుకుని తిరిగే మనిషికి ఒక్క పూట మిగిలినా మిగిలినట్టే. అయితే కప్పు ఒకటైనా ఎవరి పైఅధికారి వాళ్లకు ఉన్నాడు. వరుసగా వేసిన కుర్చీలు చూసి అందరూ ఒకే ఆఫీసు అనుకుంటే మళ్లీ నా మొదటి అర్జీ దగ్గరికే వస్తారు.

కాగితానికి నంబరు

రెండో అర్జీ ఆర్ అండ్ బీ సబ్ డివిజన్‌కు రాశాను. ఐదు వాక్యాలు. ఫలానా కిలోమీటరు రాయి పక్కన, ఫలానా గుడి ఎదురుగా ఉన్న కల్వర్టు పూడిపోయింది. ఫలానా నెల నుంచి నీళ్లు పోవడం లేదు. వెనక ఇరవై రెండు ఇళ్లకు మురుగు ఎదురు తన్నుతోంది. ఫొటోలు రెండు జతపరిచాను. వానలకు ముందే పూడిక తీయించగలరు. అంతే. ప్రభువులూ లేరు, ప్రజాస్వామ్యమూ లేదు. సంతకం నాదొక్కటే. పదిహేడు సంతకాలు అవసరమైన పనులు ఉంటాయి, ఇది అలాంటిది కాదు.

చూడటానికి ఇంత చిన్న కాగితం. కానీ దాన్ని చదివినవాడికి తప్పించుకునే సందు దొరకదు. అందులో చోటు ఉంది, తేదీ ఉంది, అడిగిన పని ఒక్కటే, అది ఆయన పనే.

ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి టపాల్లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. “ఉంచి వెళ్లండి, చూస్తాం” అంటారు. నంబరు వేసేదాకా నవ్వుతూ నిలబడండి. నవ్వడం ముఖ్యం. నేను మొదట్లో కోపంగా నిలబడేవాణ్ణి, ఎదుటివాడికి అదే సాకు అయ్యేది. తీసుకోనే తీసుకోమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది గానీ సోమవారం మారలేదు. అక్కడ ఇచ్చినదానికి కంప్యూటర్ నంబరు వస్తుంది. ఆ నంబరు ఫోన్‌లో కాకుండా ఇంట్లో క్యాలెండరు మీద రాసుకోండి, రోజూ కళ్లబడుతుంది.

కొన్ని పనుల్లో ఆలస్యమైతే మనకే నష్టం. పుట్టుక, చావు 21 రోజుల లోపు నమోదు చేయించాలి. 30 రోజుల దాకా కొద్దిపాటి అపరాధ రుసుముతో సరిపోతుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాల్సి వస్తుంది. ఇదివరకు పదో తరగతి సర్టిఫికెట్టుతో గడిచిపోయేది కాబట్టి మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకునేవారు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. బారసాలకు ముందే ఆ పని చూసుకోండి. పేరు తర్వాత చేర్చుకోవచ్చు.

“ఎందుకు” అని అడగొద్దు

రెండు నెలలు గడిచాయి. కల్వర్టు దగ్గరికి ఎవరూ రాలేదు. ఆన్‌లైన్‌లో చూస్తే నా అర్జీ ఎదురుగా ‘పరిష్కరించబడింది’ అని ఉంది. కింద వివరణ: ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’. కాగితం కదిలితే కష్టం తీరినట్టే లెక్క. ఆ పూట నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, లేదా ఫేస్‌బుక్కులో పెడతారు. మూడో దారి సమాచార హక్కు చట్టం. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా లేదు. ఎందుకు కావాలో మీరు కారణం చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

అయితే ఈ దరఖాస్తు రాయడంలో ఒక కిటుకు ఉంది. దాన్ని తెలుసుకోవడానికి నాకు ఒక దరఖాస్తు వృథా అయింది. “కల్వర్టు ఎందుకు బాగుచేయలేదు?” అని అడిగాను. ‘కారణాలు సమాచారం కిందికి రావు’ అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. న్యాయంగా చూస్తే ఆయన తప్పు లేదు. చట్టం ఆఫీసులో ఉన్న కాగితాన్ని ఇప్పిస్తుంది, ఆఫీసరు మనసులో ఉన్నదాన్ని కాదు. రెండోసారి ఇలా అడిగాను: ఫలానా తేదీన ఫలానా నంబరుతో ఇచ్చిన నా అర్జీ మీద ఇప్పటిదాకా తీసుకున్న చర్య తేదీలవారీగా, అది ఏ హోదా గల ఉద్యోగి దగ్గర ఎన్ని రోజులు ఉన్నదీ, ఆ రోడ్డు మీద గత రెండేళ్లలో జరిగిన కల్వర్టు మరమ్మతుల అంచనాల, ఎం-బుక్ నకళ్లు. ఎం-బుక్ అంటే పనిని కొలిచి రాసుకునే పుస్తకం, బిల్లుకు అదే ఆధారం.

జవాబు 30 రోజుల్లో రాకపోయినా, వచ్చినది అరకొరగా ఉన్నా, అదే ఆఫీసులో పైఅధికారికి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు. ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. నాకు అంతదూరం వెళ్లే పని పడలేదు. దరఖాస్తు ఇచ్చిన పంతొమ్మిదో రోజున ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని కల్వర్టు దగ్గర కనిపించాడు. సమాచారం అడిగితే మనిషి వచ్చాడు. నకళ్లు ఆ తర్వాత వచ్చాయి.

ఒక హెచ్చరిక. ఈ చట్టాన్ని కక్షకు వాడేవాళ్లను చూశాను. పదేళ్ల రికార్డంతా కావాలని ఒకే ఆఫీసుకు నలభై దరఖాస్తులు పెట్టిన పెద్దమనిషి ఒకాయన మాకు దగ్గర్లోనే ఉన్నాడు. ఆయన ఊరికి ఇప్పటిదాకా ఒక్క బల్బు రాలేదు.

బల్లకు అవతలి వైపు

కార్యదర్శితో కాస్త చనువు ఏర్పడ్డాక ఒకరోజు ఆయన నా పాత అర్జీలోని పదిహేడు పేర్లనూ ఇంటిపన్ను రిజిస్టరుతో సరిచూసి చూపించాడు. పదకొండు ఇళ్ల పన్ను బాకీ. అందులో మాదీ ఉంది. మేడ మీద వాటా వేసి అద్దెకిచ్చి ఆరేళ్లయింది. పన్ను మాత్రం కింది ఇంటికే కడుతున్నాను. “ఎవరూ అడగలేదుగా” అన్నాను. “అడిగితే ఓట్లు పోతాయని అడగనివ్వరు బాబాయ్ గారూ” అన్నాడు ఆయన.

పంచాయతీకి సొంతంగా వచ్చే రాబడిలో ఇంటిపన్ను పెద్దది. మిగతాది పైనుంచి రావాలి, పైనుంచి వచ్చేది షరతులతో వస్తుంది. 2021-26 మధ్యకాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలన్నారు. 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ, దాన్ని జీతాలకు వాడకూడదన్నారు. అంటే ఏ షరతూ లేకుండా చేతిలో ఆడే డబ్బు మనం కట్టే పన్నే.

వరంగల్ దగ్గర గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి అనే ఊరు ఉంది. ఆదర్శ గ్రామమని దేశమంతా చెప్పుకుంటారు. అందరూ దాని మద్యనిషేధం గురించి, మంచినీటి ప్లాంటు గురించి మాట్లాడతారు. నన్ను ఆకర్షించినవి ఆ ఊరి కమిటీలు. నీళ్లకు ఒక కమిటీ, వీధి దీపాలకు ఒకటి, కేబుల్ టీవీకి ఒకటి, ఇలా పనికొక కమిటీ. ప్రతి పనికీ ఊళ్లోనే ఒక బల్ల వేశారన్నమాట. ఎవరిని అడగాలో అక్కడ చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. ఇంటిపన్ను నూటికి నూరు వసూలవుతుందని ఆ ఊరికి పేరు. పని జరుగుతుందని నమ్మకం ఉంటే డబ్బు కట్టడానికి మనిషి వెనకాడడు. నమ్మకం ముందా డబ్బు ముందా అంటే నాకు తెలిసిన ఊళ్లలో ఎక్కడా తేలలేదు. అక్కడ ఎవరో ఒకరు ముందు కట్టి ఉంటారు.

నేను మేడ వాటాకు పన్ను వేయించుకుని బాకీ కట్టాను. ఆ రసీదు జేబులో ఉన్నప్పుడు ఆఫీసులో నా గొంతే మారింది.

గ్రామసభకు పోవాల్సిందీ ఈ డబ్బు లెక్క కోసమే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో జరిపారు. మనం వెళ్లం. వెళ్లినా, మైకు దొరగ్గానే నా మొదటి అర్జీని నోటితో చదువుతాం. వెళ్లే ముందు ఫోన్‌లో ఈ-గ్రామ్‌స్వరాజ్ తెరిచి మీ పంచాయతీ ఈ ఏడాది ప్రణాళికలో ఏ పనులు పెట్టిందో, ఎంత ఖర్చయిందో చూడండి. 2020 నుంచి అది అందరికీ తెరిచే ఉంది. మా ఊరి ప్రణాళికలో మా వీధి కాలువ పేరే లేదు. ప్రణాళికలో లేని పనికి డబ్బు అడిగితే కార్యదర్శి ఎక్కడి నుంచి తెస్తాడు? అక్టోబరు 2 తర్వాత పై ఏడాది ప్రణాళిక తయారయ్యే రోజుల్లో సభకు వెళ్లి ఒకే ఒక్క మాట అడిగాను: పూడిక గట్టున పోయకుండా ట్రాక్టరులో ఎత్తించే ఖర్చు ప్రణాళికలో రాయండి, రాసినట్టు తీర్మానం పుస్తకంలో నాకు చూపించండి. రాశారు. పక్కన కూర్చున్నాయన “ఇంతేనా, దీనికోసమా వచ్చారు?” అన్నాడు.

కొత్తవి చూసి ఏం నేర్చుకోవాలి

కరెంటు బిల్లు కోసం సగం రోజు సెలవు పెట్టిన తరం మాది. 2001లో హైదరాబాదులో ఈ-సేవ వచ్చినప్పుడు ఏసీ గదిలో టోకెను తీసుకుని ఏ కౌంటరులోనైనా ఏ బిల్లైనా కట్టడం మాకు సినిమా చూసినట్టుండేది. 2011లో మీసేవ వచ్చి సర్టిఫికెట్లకు గడువు పెట్టింది: కొన్ని అక్కడికక్కడే, కొన్ని ఇన్ని రోజుల్లో అని. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ వాట్సాప్‌లో 161 సేవలతో ‘మన మిత్ర’ మొదలుపెట్టింది. వీటిలో పనికొచ్చినది యంత్రమని చాలామంది అనుకుంటారు. నాకు తోచింది వేరు. ఈ-సేవ బల్ల ఏదన్న ప్రశ్నే లేకుండా చేసింది. మీసేవ రసీదు మీద తేదీ వేసింది. ఆ రెండూ లేని చోట ఎంత గొప్ప యాప్ పెట్టినా లోపల ‘పరిష్కరించబడింది’ అన్న ముద్రే ఉంటుంది.

అసలు నాకు అన్నిటికంటే పెద్ద కొత్త ఆలోచన అనిపించినదానికి కంప్యూటరుతో పెద్ద పని లేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి సామాజిక తనిఖీ పెట్టారు. శిక్షణ పొందిన గ్రామాల యువత మస్టరు రోల్సు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ‘నీ పేరు మీద పన్నెండు రోజుల కూలి ఉంది, నిజంగా చేశావా, డబ్బు అందిందా’ అని అడిగేవారు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివేవారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలి రాసిన సంగతులు అలాంటి చోట్లే బయటపడ్డాయి. తిన్న డబ్బంతా వెనక్కి వచ్చిందని నేను అనను. కానీ లెక్క ఎవరి గురించి రాశారో వాళ్ల ఎదురుగానే చదవడం మాత్రం ఏ ఊరైనా రేపే మొదలుపెట్టగల పని. అపార్టుమెంటు సంఘాలు, దేవాలయ కమిటీలు కూడా.

కల్వర్టు మే నెలాఖరున బాగుచేశారు. లోపల పరుపు ఒకటి కాదు, మూడు దొరికాయి. జూన్ మొదటి వానకు కాలువ పారింది, రెండో వానకూ పారింది. పూడిక మాత్రం ఇంకా కొంత గట్టునే పడుతోంది, ట్రాక్టరు వారానికోసారి కాకుండా గుర్తొచ్చినప్పుడు వస్తోంది. కార్యదర్శికి బదిలీ అయింది. కొత్తమ్మాయి వచ్చింది.

మొన్న ఎదురింటి పిన్నిగారు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. మనవరాలితో రాయించినట్టుంది, రెండు వైపులా నిండుగా ఉంది. పింఛను, గ్యాసు, రేషన్ కార్డులో కోడలి పేరు, కుక్కలు. నేను తెల్లకాగితాలు నాలుగు తీసి పక్కన పెట్టి, “ముందు ఏది రాయమంటారు పిన్నీ?” అన్నాను.

“పింఛను వస్తుందిలేరా, మొన్నే వేలిముద్ర తీసుకుపోయారు. ముందు ఆ కుక్కల సంగతి చూడు” అంది.

కుక్కలది ఏ బల్లో రేపు వెళ్లి కనుక్కోవాలి.